పోయింది మా పిల్లల సమాచారం, ముందు చెప్పాల్సింది మాకు

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖకూ, భారత డేటా పరిరక్షణ బోర్డుకూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

ఆన్‌లైన్ ఆటలు ఆడే పిల్లలు, యువకులు చేరే చర్చా వేదికల నుంచి, ఆటల సర్వర్ల నుంచి వ్యక్తిగత సమాచారం దొంగల పాలైనప్పుడు ఆ సంగతి ఎవరికి, ఎంత త్వరగా, ఏ భాషలో, ఎంత వివరంగా తెలియాలన్న విషయం మీద ఈ లేఖ రాస్తున్నాను. సర్వర్ల నిర్వహణ నా వృత్తి. ఆటలంటే ప్రాణం పెట్టే ఇద్దరు పిల్లలకు తల్లిని కూడా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి అనుబంధంగా మీరు 2025 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం, సమాచార చౌర్యం జరిగినప్పుడు సంస్థలు నెరవేర్చాల్సిన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నెలలో అమలులోకి రావాల్సి ఉంది. ఆలోగా సరిదిద్దడానికి వీలున్న లోపాలు ఆ నిబంధనల్లో కొన్ని ఉన్నాయి. ఆటల రంగంలో ఇప్పటికే జరిగిన ఘటనలను ఎదురుగా పెట్టుకుని చదివితే అవి స్పష్టంగా కనబడతాయి.

మొదట చెప్పుకోవాల్సింది లైఫ్‌బోట్ ఉదంతం. ఫోన్లలో ఆడే మైన్‌క్రాఫ్ట్ అనే ఆటకు సర్వర్లు నడిపే ఈ సంస్థ నుంచి 2016 జనవరిలో 70 లక్షలకు పైగా ఖాతాల వివరాలు బయటికి పోయాయి. వాటిలో యూజర్‌నేమ్‌లు, ఈమెయిల్ చిరునామాలు, పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు, అంటే గణిత ప్రక్రియతో మార్చి దాచిన రూపాలు, ఉన్నాయి. చౌర్యం జరిగిన సంగతి సంస్థకు ఆ నెలలోనే తెలిసింది. అయినా ఆటగాళ్లకు కారణం చెప్పకుండా పాస్‌వర్డ్ మార్చుకోక తప్పని పరిస్థితి కల్పించి ఊరుకుంది. ఏప్రిల్ నెలాఖరున ఆస్ట్రేలియాకు చెందిన భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ చేతికి ఆ డేటా చేరాక, ఎవరి ఖాతా ఏ చౌర్యంలో పోయిందో చూసుకునేందుకు ఆయన నడిపే 'హావ్ ఐ బీన్ పోన్డ్' అనే సేవ ద్వారా అసలు సంగతి లోకానికి తెలిసింది. విలేకరులు అడిగితే, దొంగల చేతిలో వ్యవధి తక్కువ ఉందని వాళ్లకు తెలియనివ్వకుండా త్వరగా పాస్‌వర్డ్‌లు మార్పించడమే మేలనుకున్నామని సంస్థ చెప్పింది. ఎవరికైనా నష్టం జరిగినట్టు తమకు ఫిర్యాదులేవీ రాలేదని కూడా చెప్పింది.

ఈ వివరణను నేను చాలాసార్లు ఆలోచించి చూశాను. ఆ సర్వర్‌లో పాస్‌వర్డ్ మార్పిస్తే రక్షణ దొరికేది ఆ సర్వర్‌కు మాత్రమే. అదే ఈమెయిల్, అదే పాస్‌వర్డ్ పెట్టి పిల్లవాడు తెరిచిన మిగతా ఖాతాలన్నీ ఆ మూడు నెలలూ దొంగలకు అందుబాటులోనే ఉన్నాయి. ఎందుకు మార్చమంటున్నారో తెలియని మనిషి ఆ ఒక్కచోట మార్చి ఊరుకుంటాడు. కారణం తెలిస్తేనే కదా మరోచోట కూడా మార్చుకోవాలని తోచేది! ఇక నష్టం గురించి ఫిర్యాదులు రాలేదన్న మాటకు వస్తే, తన సమాచారం ఎక్కడ పోయిందో తెలియని మనిషి ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు? నెలల తర్వాత ఈమెయిల్ ఖాతా చేజారితే అది ఫలానా ఆట సర్వర్ వల్లేనని ఏ తల్లిదండ్రులు ఊహించగలరు?

ఆ సంస్థ కొత్త ఆటగాళ్ల కోసం రాసిన సూచనల్లో, పాస్‌వర్డ్ చిన్నదిగా, ఊహించడానికి కష్టంగా ఉంటే చాలని, ఇదేమీ ఆన్‌లైన్ బ్యాంకింగ్ కాదని ఉందని ట్రాయ్ హంట్ అప్పట్లో ఎత్తిచూపారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ వైఖరే. ఆటల ఖాతా అంటే చిన్న విషయమన్న భావన సంస్థల్లో ఉంది, పోలీసు స్టేషన్లలో ఉంది, మన ఇళ్లలోనూ ఉంది.

మన ఇళ్లలో పిల్లవాడి ఈమెయిల్ వేరు, ఇంటి ఈమెయిల్ వేరు అన్న విభజన చాలాచోట్ల ఉండదు. పదో తరగతి తర్వాత ఏ నెట్ సెంటర్‌లోనో స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం తెరిచిన ఒకే జీమెయిల్‌తో ఇంటర్ ప్రవేశం, ఈఏపీసెట్ దరఖాస్తు, తండ్రి ఫోన్‌లోని ప్లే స్టోర్, ఆటల సర్వర్, అన్నీ నడుస్తాయి. పాస్‌వర్డ్ కూడా గుర్తుంటుందని అన్నిటికీ ఒకటే పెడతారు. ఒకచోట దొరికిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలను వందల ఇతర సేవల్లో యంత్రాలతో వరసగా ప్రయత్నించి చూడడం దొంగలకు రోజువారీ పని. అందుకే ఆటల వేదికలో పోయిన పాస్‌వర్డ్ ఆ ఆటతో ఆగదు.

పాస్‌వర్డ్ ఒక్కటే అయితే మార్చుకోవచ్చు. పుట్టినతేదీని మార్చుకోలేము. చర్చా వేదికల డేటాబేసుల్లో ప్రతి సభ్యుడి ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే అంకెలు), చేరిన తేదీ, పుట్టినతేదీ, సభ్యులు ఒకరికొకరు రాసుకున్న ప్రైవేటు సందేశాలు ఉంటాయి. పాస్‌వర్డ్‌లకైనా హ్యాష్ రక్షణ ఉంటుంది గాని, ఈ సందేశాలు చాలా వేదికల్లో మామూలు అక్షరాల్లోనే నిల్వ ఉంటాయి. పదిహేనేళ్ల అమ్మాయి తాను నమ్మిన ఆట స్నేహితురాలికి ఇంటి గొడవల గురించి, తన భయాల గురించి రాసుకున్న మాటలు అపరిచితుల చేతిలో పడితే బెదిరింపులకు అంతకంటే ఏం కావాలి? ఆటల డేటా చౌర్యం గురించి చర్చించేటప్పుడు ఈ సందేశాల ప్రస్తావన దాదాపు రాదు. నా దృష్టిలో పోయినవాటిలో అన్నిటికంటే సున్నితమైనవి అవే.

చర్చా వేదిక అసలు సంస్థకు దూరంగా, పెరటి గదిలా ఉంటుందని, అక్కడ ఏం జరిగినా లోపలి ఇంటికి ప్రమాదం లేదని అనుకోవడమూ పొరపాటే. 2011 నవంబరులో, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే సేవ చర్చా వేదిక ముఖపుటను ఎవరో చెరిపి రాశారు. మొదట చూసినవారికి అది ఆకతాయి పనిలా అనిపించి ఉండవచ్చు. స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ దర్యాప్తు చేస్తే, చొరబాటుదారులు చర్చా వేదికను దాటి స్టీమ్ అసలు డేటాబేసు దాకా వెళ్లినట్టు తేలింది. అందులో వాడుకదారుల పేర్లు, హ్యాష్ చేసిన పాస్‌వర్డ్‌లు, కొన్న ఆటల వివరాలు, ఈమెయిల్, బిల్లింగ్ చిరునామాలు, ఎన్‌క్రిప్ట్ చేసిన క్రెడిట్ కార్డు సమాచారం ఉన్నాయి. సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్ నాలుగు రోజుల్లోనే తన పేరుతో వాడుకదారులకు ఆ విషయం చెప్పారు. 2012 ఫిబ్రవరిలో మరోసారి రాస్తూ, 2004 నుంచి 2008 వరకు జరిగిన లావాదేవీల బ్యాకప్ ఫైలు ఒకటి చొరబాటుదారులకు చిక్కి ఉండవచ్చని తెలిపారు. మొదటి సందేశంలో తెలిసినంత చెప్పి, తర్వాత తెలిసినది తర్వాత చెప్పడం సాధ్యమేనని ఇది చూపిస్తుంది. పూర్తి దర్యాప్తు ముగిసేదాకా ఏమీ చెప్పలేమనే సంస్థలు ఈ ఉదాహరణ చూడాలి.

పిల్లల ఆటల్లోనే ఇంకో మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన వైల్డ్‌వర్క్స్ సంస్థ నడిపే యానిమల్ జామ్ నుంచి 2020 అక్టోబరులో 4.6 కోట్ల ఖాతాల రికార్డులు పోయాయి. వాటిలో సుమారు 70 లక్షల తల్లిదండ్రుల ఈమెయిల్ చిరునామాలు ఉన్నాయి. డేటా దొంగల వేదికలో కనబడిందని నవంబరు 11న తెలిసిన వెంటనే సంస్థ ఆ సంగతిని బహిరంగపరిచింది. ఎన్ని రికార్డుల్లో పుట్టిన సంవత్సరం ఉంది, ఎన్నిటిలో పూర్తి పుట్టినతేదీ ఉంది, ఎన్ని తల్లిదండ్రుల ఖాతాల్లో పేరు, చిరునామా ఉన్నాయి అన్నది విడివిడిగా అంకెలతో ప్రకటించింది. చౌర్యాన్ని ఆపలేకపోయిన సంస్థను నేను పొగడడం లేదు. కానీ చౌర్యం జరిగాక మాట్లాడిన తీరు లైఫ్‌బోట్ తీరుకు పూర్తిగా భిన్నం. ఆ తేడా సంస్థ మంచితనం మీద ఆధారపడకూడదు. చట్టం దానిని తప్పనిసరి చేయాలి.

మన చట్టం ఆ దిశలో గట్టి అడుగే వేసింది. యూరప్ చట్టంలో వ్యక్తుల హక్కులకు తీవ్రమైన ప్రమాదం ఉందని భావించినప్పుడే వారికి చెప్పాలి. మన 2023 చట్టంలోని ఎనిమిదో సెక్షన్ ప్రకారం చౌర్యం చిన్నదైనా పెద్దదైనా ప్రభావితులైన ప్రతి ఒక్కరికీ, బోర్డుకూ తెలియజేయాలి. విదేశీ సంస్థ అయినా భారతదేశంలోని వారికి సేవలందిస్తుంటే ఈ చట్టం వర్తిస్తుంది. మన పిల్లలు ఆడే ఆటల్లో ఎక్కువభాగం విదేశీ సంస్థలవే కాబట్టి ఈ నియమం చాలా అవసరమైనది. తెలియజేయకపోతే 200 కోట్ల రూపాయల వరకు, తగిన భద్రత ఏర్పాటు చేయకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇంతవరకు మీకు కృతజ్ఞతలు.

లోపం గడువుల దగ్గర మొదలవుతుంది. సైబర్ దాడుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, చొరబాటు సంగతి తెలిసిన 6 గంటల్లో సంస్థ ఆ విభాగానికి నివేదించాలి. కొత్త నిబంధనల ప్రకారం డేటా పరిరక్షణ బోర్డుకు వెంటనే ప్రాథమిక సమాచారం ఇచ్చి, 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. సమాచారం ఎవరిదో ఆ మనిషికి మాత్రం ఆలస్యం చేయకుండా తెలియజేయాలన్న మాటే ఉంది గాని గంటల లెక్క లేదు. కార్యాలయాలకు గడియారం పెట్టి, బాధితుడికి పెట్టకపోవడం నాకు అర్థం కావడం లేదు. 2011 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి దొంగలు చొరబడ్డాక సోనీ సంస్థ 20వ తేదీన నెట్‌వర్క్‌ను మూసివేసింది. 7.7 కోట్ల ఖాతాల వ్యక్తిగత వివరాలు పోయాయని వాడుకదారులకు చెప్పింది 26వ తేదీన. ఆ ఆరు రోజులూ వారికి తెలిసింది ఆట ఆగిపోయిందన్న సంగతి మాత్రమే. ఆలస్యం చేయలేదని ఏ సంస్థ న్యాయవాది అయినా వాదించగలడు, ఎందుకంటే ఎంత సమయం దాటితే ఆలస్యమో నిబంధనలో లేదు. బోర్డుకు పెట్టిన 72 గంటల పరిమితినే మాకూ గరిష్ఠ పరిమితిగా పెట్టండి. వివరాలు పూర్తిగా తేలకపోతే తేలినంతవరకే చెప్పమనండి.

రెండో లోపం కబురు చేరే దారిలో ఉంది. వాడుకదారు ఖాతా ద్వారా గాని, అతను నమోదు చేసుకున్న ఏదైనా మార్గం ద్వారా గాని తెలియజేయవచ్చని నిబంధన. పెద్దల విషయంలోనే ఇది బలహీనం. ఆరేళ్ల కిందట ఆట మానేసిన యువకుడు ఆ ఖాతా తెరిచి సందేశాలు చూసుకుంటాడా? ఇప్పుడు మూతపడిన వేదిక అయితే తెరవడానికి ఖాతా కూడా ఉండదు. పిల్లల విషయంలో ఇది మరీ అన్యాయం. చట్టం దృష్టిలో 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే, వారి తరఫున డేటా హక్కుదారులు తల్లిదండ్రులు. మరి సందేశం పన్నెండేళ్ల పిల్లవాడి ఆట ఖాతాలో పడితే ఆ హక్కుదారుకు తెలియజేసినట్టా? నా పిల్లలను చూసిన అనుభవంతో చెబుతున్నాను, ఆట మొదలయ్యే ముందు తెర మీద ఏ పెట్టె కనబడినా వేలు తక్షణం మూసివేసే గుర్తు వైపే వెళుతుంది. పైగా తాను చేసిన తప్పేదో బయటపడుతుందని, ఫోన్ లాక్కుంటారని భయపడే పిల్లవాడు ఆ కబురును ఇంట్లో చెప్పకపోవచ్చు కూడా. చేరేటప్పుడు సమ్మతి ఇచ్చిన తల్లి లేదా తండ్రి ఫోన్‌కే, ఎస్ఎంఎస్ రూపంలో, ఖాతాతో సంబంధం లేకుండా కబురు అందాలని స్పష్టంగా రాయండి.

మూడోది భాష. ఈ విషయంలో చట్టంలోనే ఒక పొంతన లేనితనం కనబడుతోంది. మా సమాచారం తీసుకోవడానికి సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే అవకాశం ఇవ్వాలని చట్టం చెబుతోంది. అదే సమాచారాన్ని పోగొట్టుకున్నాక పంపే నోటీసు సంక్షిప్తంగా, స్పష్టంగా, సరళంగా ఉండాలని నిబంధన చెప్పింది గాని, ఏ భాషలో ఉండాలో చెప్పలేదు. తీసుకునేటప్పుడు తెలుగులో అడిగి, పోయాక ఇంగ్లీషులో చెబితే మొదటి మర్యాదకు అర్థమేముంది? అనకాపల్లిలోనో నల్గొండలోనో ఆటో నడుపుకునే తండ్రికి, కొంత డేటాకు అనధికార ప్రవేశం జరిగి ఉండవచ్చునన్న అర్థంలో ఇంగ్లీషులో సందేశం వస్తే, రోజూ వచ్చే పదుల కొద్దీ ప్రకటనల్లో ఒకటనుకుని చెరిపేస్తాడు. అతన్ని నిర్లక్ష్యం చేశాడని అనలేము. నీ కొడుకు ఫలానా ఆటలో పెట్టుకున్న పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కింది, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ ఉన్నా ఈరోజే మార్చు, ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పకు, మోసం జరిగితే 1930కి ఫోన్ చెయ్యి అని తెలుగులో నాలుగు వాక్యాలు వస్తే అతను తప్పకుండా కదులుతాడు. బ్యాంకు సందేశాలు, టీకా సందేశాలు తెలుగులో అందుకున్న ప్రజలం మేము. ఇది సాధ్యం కానిది కాదు.

ఇక నోటీసులో ఏముండాలన్న విషయం. చౌర్యం స్వభావం, విస్తృతి, జరిగిన సమయం, దానివల్ల కలగగల పరిణామాలు, సంస్థ తీసుకున్న చర్యలు, మనం తీసుకోవాల్సిన జాగ్రత్తలు, సంప్రదించాల్సిన వ్యక్తి వివరాలు ఉండాలని మీ నిబంధన చెబుతోంది. జాబితా మంచిదే. అయితే నా వృత్తిలో ఉన్నవారు మొట్టమొదట అడిగే ప్రశ్న అందులో లేదు: పాస్‌వర్డ్‌లను ఏ పద్ధతిలో దాచారు?

ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. సంస్థలు పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచకుండా, ఒక గణిత ప్రక్రియ గుండా పంపి వచ్చిన అక్షరాల వరుసను దాచాలి. దానినే హ్యాష్ అంటారు. లైఫ్‌బోట్ వాడింది 1991లో రూపొందిన ఎండీ5 పద్ధతి. అది చాలా వేగవంతమైనది, ఆ వేగమే ఇక్కడ దోషం. మామూలు గ్రాఫిక్స్ కార్డు ఉన్న దొంగ సెకనుకు కోట్ల సంఖ్యలో పాస్‌వర్డ్‌లను ఊహించి పోల్చి చూడగలడు. దానికి తోడు ప్రతి పాస్‌వర్డ్‌కు విడిగా కలపాల్సిన యాదృచ్ఛిక అక్షరాలను, అంటే సాల్ట్‌ను, అక్కడ కలపలేదు. సాల్ట్ లేకపోతే ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న వెయ్యిమంది హ్యాష్ ఒకేలా ఉంటుంది, ఒకటి తేలితే వెయ్యీ తేలిపోతాయి. సాల్ట్ కలిపినా ఎండీ5 చాలదని 2016 జులైలో డోటా 2 అనే ఆట చర్చా వేదిక నుంచి సుమారు 19 లక్షల ఖాతాల వివరాలు పోయినప్పుడు తేలింది. వాటిలో 80 శాతానికి పైగా పాస్‌వర్డ్‌లను విప్పగలిగామని ఆ డేటా సంపాదించిన లీక్డ్‌సోర్స్ అనే వెబ్‌సైటు ప్రకటించింది. కావాలనే నెమ్మదిగా పనిచేసేలా రూపొందించిన బీక్రిప్ట్ పద్ధతి 1999 నుంచీ అందుబాటులో ఉంది, ఉచితంగానే ఉంది. కాబట్టి 2016లో ఎండీ5 వాడడానికి ఖర్చు గాని, జ్ఞానం లేకపోవడం గాని సాకు కావు.

నోటీసులో పాస్‌వర్డ్‌లు భద్రపరిచి ఉన్నాయని రాస్తే ఈ రెండు పద్ధతుల మధ్య తేడా మాయమైపోతుంది. బీక్రిప్ట్‌తో దాచిన గట్టి పాస్‌వర్డ్ పోతే నింపాదిగా మార్చుకోవచ్చు. సాల్ట్ లేని ఎండీ5తో దాచినది పోతే ఆ రాత్రే మార్చుకోవాలి. పాస్‌వర్డ్‌లను దాచిన పద్ధతి పేరు, ప్రైవేటు సందేశాలు పోయాయా లేదా అన్నది, డేటా ఇప్పటికే అమ్మకానికి కనబడిందా అన్నది నోటీసులో తప్పనిసరిగా ఉండేలా చేయండి. పద్ధతి పేరు సామాన్యులకు అర్థం కాకపోవచ్చు, కానీ ప్రతి ఊళ్లోనూ ఇంజనీరింగ్ చదివిన మేనల్లుడో పక్కింటి అమ్మాయో ఉంటారు. వారు చదివి చెప్పగలరు. అది రాయాల్సి వస్తుందన్న భయంతోనైనా సంస్థలు పాత పద్ధతులు వదులుకుంటాయి.

పాత ఖాతాల గురించి ఇంకో మాట. 2016 ఆగస్టులో ఎపిక్ గేమ్స్ అనే ఆటల తయారీ సంస్థ చర్చా వేదికల నుంచి 8 లక్షలకు పైగా ఖాతాల వివరాలు పోయాయి. పాస్‌వర్డ్ హ్యాష్‌లు కూడా పోయిన వేదికల్లో గేర్స్ ఆఫ్ వార్ ఆటకు చెందిన పాత వేదిక ఉంది. ఆ ఆట హక్కులు 2014 జనవరిలోనే మైక్రోసాఫ్ట్‌కు వెళ్లిపోయాయి. ఆట చేతులు మారిన రెండున్నరేళ్లకు కూడా దాని అభిమానుల ఈమెయిళ్లు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు పాత యజమాని సర్వర్‌లోనే ఉండి దొంగలకు దొరికాయి. అవసరం తీరిన డేటాను చెరిపేసి ఉంటే పోయేదేముంది? మీ నిబంధనల మూడో షెడ్యూలు, మూడేళ్లు వాడకం లేని ఖాతాల డేటాను చెరిపేయాలని ఆటల సంస్థలకు గడువు పెట్టింది. అయితే అది దేశంలో 50 లక్షలు, ఆపైన నమోదిత వాడుకదారులున్న సంస్థలకే వర్తిస్తుంది. నేను పైన చెప్పిన డోటా 2, ఎపిక్ వేదికలు ప్రపంచమంతటి సభ్యులను కలిపినా ఆ అంకెను చేరవు. ఆటల చర్చా వేదికల్లో అధికభాగం ఇలాంటి మధ్య పరిమాణం గలవే. అవసరం తీరాక చెరిపేయాలన్న సాధారణ సూత్రం చట్టంలో ఉన్నా, నిర్ణీత గడువు లేని సూత్రాన్ని ఎవరూ పాటించరని మా రంగంలో అందరికీ తెలుసు. ఆటల వేదికలకు ఆ పరిమితిని లక్షకు తగ్గించమని కోరుతున్నాను.

డబ్బు పెట్టి ఆడే ఆటల విషయం కూడా ఇక్కడే వస్తుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ నిషేధం తెచ్చింది. ఆ ఆటలు ఆడినవారు సంస్థలకు పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చారు. ఆట ఆగింది, డేటా ఎక్కడుంది? చట్టరీత్యా ఉంచాల్సిన రికార్డులు పోగా మిగిలినదాన్ని చెరిపేశామని ప్రతి సంస్థ చేతా ధ్రువీకరణ తీసుకోండి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా భయపెడుతున్నవి రాబోయే రోజులు. పిల్లల డేటా తీసుకునే ముందు తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలన్న నియమం మంచి ఉద్దేశంతో పెట్టినదే. కానీ దానిని అమలు చేసే పేరుతో ప్రతి ఆటల వేదిక తల్లిదండ్రుల ఆధార్ కార్డు ఫొటో అడిగి దాచుకోవడం మొదలుపెడితే, ఇప్పటిదాకా ఈమెయిళ్లు మాత్రమే దొరికిన చోట దొంగలకు ఇంటిల్లిపాది గుర్తింపు దొరుకుతుంది. ఇది ఊహ కాదు. ఆటగాళ్లు ఎక్కువగా వాడే డిస్కార్డ్ వేదిక 2025 అక్టోబరులో ఒక ప్రకటన చేసింది. తమకు కస్టమర్ సేవలందించే బయటి సంస్థ ద్వారా చొరబాటు జరిగిందని, సుమారు 70,000 మంది ప్రభుత్వ గుర్తింపు పత్రాల ఫొటోలు బయటపడి ఉండవచ్చని తెలిపింది. వయసు నిర్ణయం మీద అప్పీలు చేసుకునేందుకు వాడుకదారులు పంపిన పత్రాలు అవి. పిల్లల రక్షణ కోసమని అడిగిన పత్రాలే వారికి ముప్పయ్యాయి. మీ నిబంధనల్లో డిజిలాకర్ వంటి సేవల ద్వారా వచ్చే వర్చువల్ టోకెన్‌తో, అంటే కార్డుకు బదులుగా పనిచేసే డిజిటల్ గుర్తుతో, వయసును, గుర్తింపును నిర్ధారించుకునే మార్గం ఉంది. ఆ మార్గంలో కార్డు నకలు సంస్థకు చేరాల్సిన అవసరమే లేదు. ఆటల వేదికలకు ఆ మార్గాన్నే తప్పనిసరి చేసి, గుర్తింపు కార్డుల ఫొటోలు తీసుకోవడాన్ని, దాచడాన్ని, బయటి సంస్థలకు పంపడాన్ని పూర్తిగా నిషేధించండి.

నష్టపరిహారం గురించి క్లుప్తంగా. జరిమానా సొమ్మంతా భారత సంచిత నిధికి వెళుతుంది, బాధితుడికి ఒక్క రూపాయి రాదు. 2000 నాటి ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్ కింద పరిహారం కోరే దారి ఇంతవరకు ఉండేది. కొత్త చట్టం పూర్తిగా అమలయ్యాక అదీ తొలగిపోతుంది. నిబంధనలతో సరిపెట్టగలిగే విషయం కాదు కాబట్టి, చట్ట సవరణ కోసం పార్లమెంటు ముందుకు వెళ్లాలని మంత్రిత్వ శాఖను కోరుతున్నాను.

చిన్నవారి మీద మోయలేని భారం వేయమని నేను అడగడం లేదు. మన ఊళ్ల కుర్రాళ్లు చందాలు వేసుకుని మైన్‌క్రాఫ్ట్ సర్వర్లు నడుపుతున్నారు, తెలుగులో మాట్లాడుకునే ఆటల సమూహాలు కట్టుకుంటున్నారు. వాళ్లలో కొందరు రేపటి మంచి ఇంజనీర్లు. వాళ్లకు న్యాయవాదులు ఉండరు, 200 కోట్ల జరిమానా అన్న మాట వింటే సర్వర్ ఆపేస్తారు, లేదా చౌర్యం జరిగినా నోరు మెదపరు. రెండోదే ఎక్కువ ప్రమాదం. అందుకని ఏ సమాచారం అసలు అడగకూడదు, పాస్‌వర్డ్ ఎలా దాచాలి, సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు ఎలా తాజా చేసుకోవాలి, చొరబాటు జరిగితే మొదటి గంటలో ఏం చేయాలి అన్నది రెండు పేజీల్లో, అన్ని భారతీయ భాషల్లో బోర్డు ప్రచురించాలి. నోటీసు నమూనాలను కూడా ఖాళీలు నింపి పంపేలా సిద్ధం చేసి ఉంచాలి. తనంతట తాను 72 గంటల్లోగా అందరికీ నిజం చెప్పిన చిన్న నిర్వాహకుడి పట్ల జరిమానా నిర్ణయంలో ఉదారంగా ఉంటామని ముందే ప్రకటించాలి. జరిమానా నిర్ణయించేటప్పుడు నష్టాన్ని తగ్గించడానికి తీసుకున్న చర్యలను పరిగణించమని చట్టమే చెబుతోంది కాబట్టి బోర్డుకు ఆ అధికారం ఇప్పటికే ఉంది.

పై సూచనల్లో పరిహారం ఒక్కటే పార్లమెంటు దాకా వెళ్లాల్సినది. గడువు, కబురు చేరే దారి, భాష, నోటీసులోని వివరాలు, పాత ఖాతాల పరిమితి, గుర్తింపు పత్రాల నిషేధం, ఇవన్నీ నిబంధనల సవరణతోనో బోర్డు మార్గదర్శకాలతోనో తీరేవి. 2027 మే నెలకు ముందే ముసాయిదా ప్రకటించి, దానిని తెలుగుతో సహా అన్ని భాషల్లో ప్రజాభిప్రాయానికి పెట్టమని, ఆ సంప్రదింపులకు ఆటల సంస్థలతో పాటు తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, ఈ వేదికల్లో నిజంగా ఆడుతున్న పిల్లలను కూడా పిలవమని కోరుతున్నాను.

భవదీయురాలు,
హైదరాబాద్ నుంచి ఒక తల్లి